తెల్లగరిటె ద

జంటమాట కడుపు నిండిన మాట. దానికి మళ్ళీ వడ్డించకూడదు. మా ఊరి బడిలో భాష పాఠం చెప్పినన్నాళ్ళూ ఈ ఒక్క సంగతి పిల్లల బుర్రకెక్కించడానికే నా గొంతు అరిగిపోయింది. 'తెలుపు' ముందు 'చాలా' పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. 'తెల్లతెల్లని' అన్నాక మాత్రం పెట్టకండి. 'చాలా తెల్లతెల్లని' అని ఎవరైనా రాస్తే ఎర్రసిరాతో కొట్టేసేదాన్ని. అలాగే జంటమాట ముందు 'కాదు' అని కూడా అనకూడదు. ఒప్పుకుని చెప్పే మాటే గాని, వాదించే మాట కాదది.

అసలు మా ఫెన్ నది ఒడ్డు ఊళ్ళవాళ్ళకి జంటమాటల పిచ్చి పుట్టుకతోనే ఉంది. ఒక్క తెలుపూ పొడుగూ అనేమిటి, గిన్నెను గిన్నెగిన్నె అంటాం, గరిటెను గరిటెగరిటె అంటాం. పైఊళ్ళ నుంచి వచ్చిన కోడళ్ళు మొదట పకపకా నవ్వుతారు. ఒక బిడ్డ పుట్టేసరికి వాళ్ళూ అలాగే మాట్లాడతారు.

యిన్‌స్వో నా దగ్గర చదువుకున్నాడు. మా పక్కింటి గైయింగ్ వదిన కొడుకు. చదువు అంతంతమాత్రం, నోరు మాత్రం కత్తెర. ఒకసారి వాళ్ళ పంది గురించి వ్యాసం రాసుకొచ్చాడు. 'మా పంది చాలా లావులావుగా ఉంటుంది' అని మొదటి వాక్యం. నేను పుస్తకం ఎత్తి క్లాసంతటికీ చూపించాను.

"లావులావు అన్నాక 'చాలా' ఎందుకురా?"

"మా పంది నిజంగానే చాలా లావు టీచర్. లావులావు చాలడం లేదు."

"కడుపు నిండిన మాటకి మళ్ళీ అన్నం పెడతావా?"

"మా పందికి పెడతాం కదా టీచర్."

ఆ రోజు ఇక పాఠం సాగలేదు. నేనూ నవ్వాను, దాచుకోను. తరవాత వాడు పెరిగి బొగ్గులారీ నడిపాడు, రుయ్‌మెయ్‌ని పెళ్ళి చేసుకున్నాడు, దౌదౌ అనే కూతుర్ని కన్నాడు. ఒక శరదృతువు వానలో కొండమలుపు దగ్గర లారీ బోల్తాపడింది. ఆస్పత్రిలో కాసేపు కళ్ళు తెరిచి చూసి, పోయాడు. నిక్షేపంలాంటి మనిషి.

మా వైపు మూడో ఏడు వచ్చేదాకా పోయినవాళ్ళకి రాయి నిలబెట్టరు. రాయి నిలబెట్టిన రోజుతో ఇంటివాళ్ళు మైలకి కట్టిన తెలుపు విప్పేస్తారు, ఆ పైన వచ్చే కొత్త సంవత్సరానికి తలుపుకి మళ్ళీ ఎర్రకాగితాలు అంటిస్తారు. ఆ ఎర్రకాగితాల మీద రాసేదీ నేనే, సమాధిరాళ్ళకి మచ్చు రాసిచ్చేదీ నేనే. నా రాత బాగుంటుందని ఊళ్ళో పేరు. నేను కాగితం మీద కుంచెతో రాసిస్తే, రాళ్ళు చెక్కే దువాన్ దాన్ని రాతికి అంటించి ఉలి వేస్తాడు.

యిన్‌స్వో పోయి మూడో ఏడు వచ్చింది. సమాధులు ఊడ్చే ఛింగ్‌మింగ్ పండగ దగ్గరపడింది. గైయింగ్ వదిన ఎర్రరేగుపళ్ళు గుచ్చిన ఆవిరికుడుములు బుట్టనిండా వేసుకుని మా ఇంటికి వచ్చింది. ఆవిడ ఊరికే వచ్చే మనిషి కాదు. వట్టి చేతులతో వస్తే తగువుకి వచ్చినట్టు, బుట్టతో వస్తే పనిమీద వచ్చినట్టు.

"ముందువైపు అంతా మామూలే టీచరమ్మా. పేరూ తారీకులూ, రాయి ఎవరు నిలబెట్టారో అదీ. వెనకవైపు మాత్రం వాడి మాట ఉండాలి."

"ఏ మాట వదినా?"

"ఆఖరిమాట. రుయ్‌మెయ్‌తో అన్న మాట. 'నువ్వు హావోహావో ద కాచుకో' అని."

నేను టీగ్లాసు కింద పెట్టేశాను. హావోహావో ద అంటే బాగా, బుద్ధిగా అని. మొగుడు పోయిన ఆడదానితో 'కాచుకో' అంటే ఇంటికి తాళం వేసుకోమని కాదు. మళ్ళీ పెళ్ళి ఊసెత్తకుండా, అత్తింటి గడప పట్టుకుని బతుకంతా కూర్చోమని. ఆస్పత్రినుంచి తిరిగొచ్చిన రోజున అత్తాకోడళ్ళు ఇద్దరూ నా ఎదుటే చెప్పారు. యిన్‌స్వో పెళ్ళాం వైపు చూసి 'నువ్వు హావోహావో ద' అన్నాడట, ఊపిరి ఆగిపోయిందట. 'కాచుకో' అన్న మాట అప్పుడు నేను వినలేదు.

"ఆ చివరిమాట కూడా అన్నాడా?"

"అనబోయాడు."

"అన్నాడా, అనబోయాడా?"

"నోరు తెరిచే ఉంది టీచరమ్మా. ప్రాణం పోయాక కూడా తెరిచే ఉంది. నేనే గడ్డం కింద చెయ్యిపెట్టి మూశాను. లోపల మాట ఉండబట్టే కదా తెరిచాడు? నేను కన్న నోరు. అందులో ఏముందో నాకు తెలీదా?"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో వాదించవచ్చు. కొడుకు గడ్డం పట్టి నోరు మూసిన తల్లితో ఎలా వాదిస్తాం? నాకు తెలిసింది బడిపాఠం ఒక్కటే. దాని వెనక దాక్కున్నాను.

"ఏ ద రాయమంటావు మరి?" అన్నాను.

మా భాషలో ఇదొక చిక్కు. జంటమాట తరవాత వచ్చే 'ద' చెవికి ఒకటే, కుంచెకి రెండు. పక్కన మనిషి గాని వస్తువు గాని వస్తే ఒక అక్షరం. అందులో సగం 'తెలుపు' అనే గుర్తు, సగం 'గరిటె' గుర్తు. పిల్లలు దాన్ని తెల్లగరిటె ద అంటారు. పక్కన చేసే పని ఏదైనా వస్తే రెండో అక్షరం. దాని ఎడమపక్క 'మట్టి' గుర్తు ఉంటుంది కాబట్టి అది మట్టి ద. పక్కన ఏమీ రాకుండా వాక్యం అక్కడితో అయిపోయిందా, మళ్ళీ తెల్లగరిటే.

హావోహావో అన్నది అన్నిట్లోకీ గడుసు మాట. బాగు అనే మాటకి జంట. దాని పక్కన మనిషిని కూచోబెడితే 'నిక్షేపంలాంటి మనిషి' అని ఏడుపు అవుతుంది. ఆ మాట వినగానే ఆ మనిషికి ఏదో అయిందని తెలిసిపోతుంది. పక్కన పనిని పెడితే ఆజ్ఞ అవుతుంది. బుద్ధిగా తిను, బుద్ధిగా చదువు. 'వీడు బుద్ధిగా తినడు' అని తల్లులు మొత్తుకునేచోట మా భాషలో ఇది 'కాదు'ని కూడా ముందు కూచోబెట్టుకుని నా సూత్రాన్ని వెక్కిరిస్తుంది. ఇక పక్కన ఏదీ లేకుండా 'నువ్వు హావోహావో ద' అంటే, బాగుండు అని. అంతే.

గైయింగ్ వదిన నోరు వెళ్ళబెట్టి విన్నది. ఆవిడ బడి గడప తొక్కలేదు.

"ద లో కూడా రెండు రకాలా! పాత వెనిగరూ కొత్త వెనిగరూ లాగా? ఏదో ఒకటి గీకెయ్యవమ్మా. నేను చదువుతానా, పెడతానా?"

"'కాచుకో' ఉంటే మట్టి ద రాయాలి. లేకపోతే తెల్లగరిటె. అది తేలకుండా కుంచె ముంచను."

"ఉందని చెబుతున్నాగా!"

"విన్నమాట రాస్తాను వదినా. తెరిచిన నోట్లో చూసిన మాట రాయను."

ఆవిడ లేచి నిలబడింది. "చదువుకున్నవాళ్ళతో ఇదే తంటా. ఉప్పు అడిగితే సముద్రం పుట్టుపూర్వోత్తరాలు చెబుతారు. దువాన్ రాయి నునుపు చేసి కూచున్నాడు, నీ మచ్చు కోసమే ఆగాడు." గుమ్మందాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "కుడుములు వేడిమీద తిను. చల్లారితే రాయిరాయి అవుతాయి."

మర్నాడు బుట్ట తీసుకెళ్ళడానికి రుయ్‌మెయ్ వచ్చింది. ఊరిచివర వెనిగర్ తయారుచేసేచోట పనిచేస్తుంది ఆమె. ఒంటినుంచి ఎప్పుడూ ఆ పుల్లటి వాసన వస్తుంది. నేను పిండి పిసుకుతున్నాను. చేతులు కడుక్కుని, అడక్కుండానే నా చేతిలో పిండి లాక్కుంది.

"అత్తయ్య మీ దగ్గరికి ఎందుకొచ్చిందో తెలుసు టీచరుగారూ."

"తెలిస్తే చెప్పు, రాయమంటావా?"

పిండి పిసుకుతూనే ఇంకో సంగతి ఎత్తింది. యూత్సునుంచి జాడీల బండితో వచ్చే ఫాన్ అని ఒకతను ఉన్నాడు. భార్య పోయినవాడు. కొన్నాళ్ళుగా ఆమె పని అయ్యేదాకా బండి కదిలించకుండా కూర్చుంటున్నాడు. పోయిన నెల పెళ్ళికి అడిగేశాడు. దౌదౌని తెచ్చుకోమన్నాడు. పిల్లకి వాళ్ళ నాన్న ఇంటిపేరే ఉండనిద్దామన్నాడు.

"నీకిష్టమేనా?"

"ఇష్టమే." తల ఎత్తలేదు గాని గొంతు తడబడలేదు. "ఆయన పక్కన కూచుంటే నాకు భయం వెయ్యదు. చాలాకాలం తరవాత అలా ఉంది."

"మరింకేం?"

"మరింకేం అంటే ఏం చెప్పను? ఆ రోజు ఆయన నా వైపే చూస్తున్నాడు. 'నువ్వు హావోహావో ద' అన్నాడు. తరవాత మాట వస్తుంది కదా అని నేను వంగి, చెవి దగ్గర పెట్టి ఆగాను. రాలేదు. అప్పట్నుంచీ ఆగే ఉన్నాను టీచరుగారూ."

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె చేతులు మాత్రం పిండిని మడతపెట్టి నొక్కుతూనే ఉన్నాయి.

"అత్తయ్య 'కాచుకో' అంటుంది. కాదనడానికి నా దగ్గర వేరే మాట ఏముంది? 'బతుకు' అనబోయాడేమో. 'పిల్లని పెంచు' అనబోయాడేమో. ఒక్కోరోజు ఒక్కో మాట పెట్టి చూసుకుంటా. ఏదీ ఆయన గొంతులో పలకదు."

"పిచ్చిపిల్లా, అది పూర్తయిన వాక్యమే. దాని పక్కన ఏదీ ఉండక్కర్లేదు. పుస్తకం తియ్యమంటావా?"

ఆమె నవ్వింది. అలాంటి నవ్వు చూడటంకంటే తిట్టు తినడం నయం. "మీరు పుస్తకంలో నోటి గురించి చెబుతున్నారు. ఆయన నోరు తెరిచే ఉంది. నేను చూశాను."

"ఒకవేళ నేను అది రాసిచ్చాననుకో. దువాన్ చెక్కాడనుకో."

"ఉండిపోతాను. రాతిమీద మాట దాటివెళ్ళి నేనేం సుఖపడతాను? దౌదౌకి చదవడం వచ్చేసింది. ఏటా ఛింగ్‌మింగ్‌కి వచ్చి నాన్న మాట పైకి చదువుతుంది. నేను యూత్సునుంచి వచ్చి పక్కన నిలబడి వినాలా?"

పిండిముద్ద గిన్నెలో పెట్టి తడిగుడ్డ కప్పింది. బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం నాకు కూరా నచ్చలేదు, నిద్రా పట్టలేదు. ఎవరి మీద కోపమో తెలీని కోపం. కావాలంటే గైయింగ్ వదిన కళ్ళముందే తెల్లగరిటె ద రాసి 'ఇదిగో నీ కాచుకో' అని ఇవ్వగలను. ఆవిడకి తెలీదు. కాని దౌదౌ ఆ అక్షరాలు వేలుపెట్టి చదివి వినిపించిన రోజున ఆవిడ ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుని మానుకున్నాను. చదువురాని మనిషిని అక్షరంతో మోసం చేస్తే నేను పాఠాలు చెప్పిందెందుకు? చెప్పులేసుకుని పక్కింటికి బయల్దేరాను. మొహం మీదే అడిగేద్దామని నిశ్చయం.

గైయింగ్ వదిన పెరట్లో ఉంది. యిన్‌స్వో దూదికోటు తీగమీద ఆరేసి కర్రతో దులుపుతోంది. మెత్తమెత్తగా కొడుతోంది, లోపల ఎవరో ఉన్నట్టు.

"వదినా, ఆ అమ్మాయిని ఎందుకు కట్టేస్తున్నావు?" అన్నాను ఉపోద్ఘాతం లేకుండా.

ఆవిడ కర్ర దించలేదు. "ఎవడో జాడీలవాడి సంగతి నాకూ తెలుసులే. పక్కింటిదానివి నీకు తెలిస్తే, అత్తని నాకు తెలీదా? అవును, కట్టేస్తున్నా. తాడు దొరికితే తాడుతో కడదును. మాటే దొరికింది."

"అది వాడి మాట కాదు."

"నా మాటే అనుకో! ఏం, నాకు ఒక్క మాట చెల్లదా?" గొంతు వాకిలిదాకా వినపడింది. "వాడి ముందు పుట్టినవాళ్ళు ఒక్కరూ నిలవలేదు. అందుకే వెండితాళం చేయించి మెళ్ళో వేశాను. యిన్‌స్వో అని ఆ వెండితాళం పేరే పెట్టాను. ప్రాణానికి తాళం పడిందనుకున్నా. ఒక్క వానకి ఊడిపోయింది. నిక్షేపంలాంటి పిల్లాడు టీచరమ్మా! ఇప్పుడు ఇది పిల్లని తీసుకుని పోతే, వాడి పేరు నేను ఎవరితో అనుకోను? కోళ్ళతో అనుకోనా?"

తగువుకి వెళ్ళినదాన్ని తిన్నెమీద కూలబడ్డాను. ఆవిడ నా పక్కన కూచుంది. కోటు తీగమీదనుంచి లాగి ఒళ్ళో పెట్టుకుంది. ఇద్దరం చాలాసేపు కోళ్ళని చూశాం. పాతసంగతులు గుర్తొచ్చాయి, ఆవిడకీ అవే గుర్తొస్తున్నాయని తెలుస్తూనే ఉంది.

"వాడు లారీ స్టార్టు చేస్తే మా కిటికీలు గడగడలాడేవి" అన్నాను.

"నువ్వు కిటికీ తీసి తిట్టేదానివి."

"లారీని కాదు, నిన్ను తిట్టేదాన్ని. గుమ్మంలో నిలబడి అరిచేదానివి చూడు, దాని ముందు లారీ ఏపాటి?"

ముక్కుతో నవ్వింది. "అరవకపోతే ఆ మోతలో వాడికి వినపడేదా? రోజూ ఒక్కటే మాట. హావోహావో ద! అని."

"తరవాత?"

"తరవాతేంటి?"

నేను యథాలాపంగానే అడిగాను. దేవుడి మీద ఒట్టు, ఎత్తుగడ ఏదీ లేదు. "తరవాత ఏమనేదానివి? జాగ్రత్తగా నడుపు అనా, వేళకి తిను అనా?"

"అవన్నీ ఎందుకమ్మా? హావోహావో ద అంటే అన్నీ అందులోనే ఉన్నాయి. తినడం, పడుకోవడం, బతికి రావడం. ఇంకేది తగిలించినా తగ్గుతుంది కానీ పెరగ..."

ఆగిపోయింది. కోటు బొత్తాం తిప్పుతున్న వేళ్ళు కూడా ఆగాయి.

ఆవిడే మళ్ళీ మాట్లాడింది. నాతో కాదు, కోటుతో. "వాడేమో 'ఆఁ' అనేవాడు. అంతే. వెళ్ళేవాడు ఇంకేమంటాడు? ఈ ఇంట్లో హావోహావో ద అనేది గుమ్మంలో నిలబడ్డవాళ్ళు. మా అత్త నాతో అనేది, నేను వాడితో అన్నాను. ఉండిపోయేవాళ్ళు అనే మాట అది. వెళ్ళేవాళ్ళు అనేది కాదు."

"అవును వదినా."

"ఉండిపోయేవాళ్ళు..." ఆవిడ నా వైపు తిరిగింది. "టీచరమ్మా, వాడు మంచం మీదనుంచి అన్నాడు. దానితో అన్నాడు. అంటే గుమ్మంలో నిలబడింది వాడు. బయల్దేరేది అది."

కోటు మొహానికి కప్పుకుంది. నేను భుజం మీద చెయ్యి వేశాను. దూదిలోంచి వచ్చిన ఏడుపు సన్నగా, చిన్నపిల్ల ఏడుపులా ఉంది.

"నా మాట తీసుకెళ్ళి దానికిచ్చాడు" అంది కోటులోంచే. "దాన్ని సాగనంపాడు నా కొడుకు. నేనేమో తలుపుకి అడ్డం పడుకున్నాను."

కోళ్ళు గూటివైపు మళ్ళాయి. కోటు మడతపెట్టి, కళ్ళు తుడుచుకుని, ఎప్పటి కరుకుగొంతుతో అడిగింది.

"నీ రెండు ద లల్లో వాక్యం అయిపోయిందని చెప్పేది ఏది?"

"తెల్లగరిటె."

"అదే రాయి."

అలాగే రాసిచ్చాను. దువాన్ మచ్చు చూసి తల గోక్కున్నాడు. "ఇంతేనా టీచర్? వెనకవైపు ఇంత చోటు ఉంది. కొంచెం ఏదైనా పెంచండి, నాలుగు మంచిమాటలు. రాయి బోసిగా ఉంటుంది."

"ఉండనీ" అంది గైయింగ్ వదిన. "అది కడుపు నిండిన మాట." నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ చూడలేదు. యిన్‌స్వో చిన్నప్పుడు ఇంటికొచ్చి చెప్పి ఉంటాడు.

ఛింగ్‌మింగ్ రోజున గాలి ఉంది, వాన లేదు. గోధుమచేను పచ్చపచ్చగా సమాధులదాకా వచ్చింది. రాయి నిలబెట్టి, కాగితాలు కాల్చి, వెనిగర్ పోసిన నూడుల్స్ గిన్నె ముందుపెట్టారు. వాడికి వెనిగర్ ఎక్కువుండాలి. అందరూ తెలుపు విప్పాక దౌదౌ రాయి వెనక్కి వెళ్ళి వేలుపెట్టి పైకి చదివింది.

"నువ్వు, హావో, హావో, ద." వేలు నున్నటి రాతిమీద ఇంకొంచెం కిందికి జారింది, అక్కడ ఏమీ లేదు. "నాన్నమ్మా, నువ్వు అంటే ఎవరు? నేనా?"

"ఎవరు చదివితే వాళ్ళు."

రుయ్‌మెయ్ కదలకుండా నిలబడి ఆ అక్షరాలు చూస్తోంది. 'కాచుకో' ఉంటుందని గుండె చిక్కబట్టుకుని వచ్చింది పాపం. ఆమెకి ఎవరూ ముందుగా చెప్పలేదు. చెప్పేది తానేనని గైయింగ్ వదిన నా దగ్గర మాట తీసుకుంది. ఇప్పుడు కోడలి దగ్గరికి వెళ్ళి, ఆమె జుట్టులో చిక్కుకున్న కాలిన కాగితం తీసి పారేసింది.

"వాడు అనాల్సింది అనేశాడే. మాట మిగలలేదు. నేనే మిగిల్చాను." ఒక్క క్షణం ఆగింది. "నువ్వింక ఆగకు."

రుయ్‌మెయ్‌ రాయి పట్టుకుని కింద కూచుంది. ఆస్పత్రిలో ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. అత్త పక్కన కూచుని, ఆపమనలేదు.

వేసవికి ఫాన్ బండి వచ్చింది. జాడీలు లేవు, వెనక రెండు ట్రంకుపెట్టెలూ, ఒక పరుపు చుట్టా ఎక్కించారు. ఫాన్ మా అందరికీ వంగి వంగి దణ్ణాలు పెట్టాడు. భయపడుతున్నాడు పాపం, మంచివాడే. దౌదౌ ఏటా ఛింగ్‌మింగ్‌కీ, బడి సెలవులకీ ఇక్కడికే రావాలని గైయింగ్ వదిన నాలుగుసార్లు ఒట్టు వేయించుకుంది. పిల్ల మెళ్ళో వెండితాళం ఉంది. వాళ్ళ నాన్నది.

లారీ వెళ్ళేటప్పుడు ఎక్కడ నిలబడేదో గైయింగ్ వదిన సరిగ్గా అక్కడే గుమ్మంలో నిలబడింది. తలుపు రెక్కలమీద ఇంకా ఏ కాగితమూ లేదు. నేను మా వాకిట్లోంచి చూస్తున్నాను. ఫాన్ ఇంజను వేశాడు. రుయ్‌మెయ్ ఒక కాలు బండి మెట్టుమీద పెట్టి వెనక్కి తిరిగింది.

"నువ్వు హావోహావో ద!" అని అరిచింది అత్త. మునుపటి గొంతే. మా కిటికీలు అదిరాయి.

అన్నాక నోరు మూతపడలేదు. అలాగే తెరుచుకుని ఉండిపోయింది. రుయ్‌మెయ్ మెట్టుమీద కాలితో, ఇంకో మాట వస్తుందేమోనని పాత అలవాటుకొద్దీ ఆగింది. నేనూ ఆగాను. ఆ నోట్లో ఏముందో ఆ క్షణాన నాకు తెలుసు, ఉండిపోవే అని ఉంది, పిల్లనైనా వదిలివెళ్ళవే అని ఉంది. గైయింగ్ వదిన చెయ్యి మెల్లగా పైకి లేచింది. గడ్డం కింద పెట్టి, తన నోరు తానే మూసుకుంది.

"ఆఁ" అంది రుయ్‌మెయ్. బండి ఎక్కింది.